ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెడితే కంప్యూటర్ గమ్మునుంటే ఏం చేయాల: మొదట్నుంచీ చివరిదాకా

మొన్న ఆదివారం పొద్దున్నే చంద్రగిరి నుంచి మా పెదనాన్న ఫోన్ చేసినాడు. "ఒరే, హార్డ్ డిస్క్ పెడితే ఏందో ఫార్మాట్ చెయ్యమని అడగతా ఉండాది, చేసేదా?" అని. టీ తాగతా ఉణ్ణింటి, గ్లాసు కింద పెట్టేసినా. ఆయన పొలం దస్తావేజుల స్కాన్లు, పాస్ బుక్కు కాపీలు, మా అక్క పెళ్ళి వీడియో, మనవళ్ళ ఫొటోలు అన్నీ ఆ డిస్కులోనే, ఇంకో కాపీ యాడా లేదు. "ఏదీ నొక్కొద్దు పెదనాన్నా, మౌస్ మీద చెయ్యి తీసెయ్, నేను వస్తా ఉండా" అని బండేసుకుని పోయినా.

పోయి చూస్తే డిస్కుకి ఏమీ కాలేదు. సీపీయూ ముందుపక్క ఉండే పోర్టులో, ఎప్పుడో పాత డిస్కుతో వచ్చిన మెలికలు తిరిగిపోయిన కేబులుతో పెట్టినాడు, అంతే. వేరే కేబులుతో వెనకపక్క పోర్టులో పెడితే ఫోల్డర్లన్నీ లక్షణంగా వచ్చేసినాయి. అదే ఆయన నాకు ఫోన్ చెయ్యకుండా ఫార్మాట్ కొట్టేసి ఉంటే 200 రూపాయల కేబులు కోసం పెళ్ళి వీడియో పోయుండేది.

ఇట్లాంటి ఫోన్లు నాకు ఊరికే వస్తానే ఉంటాయి, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని ఇది. కొంచెం పొడుగు ఉంటాది, డిస్కు ముందర పెట్టుకుని నిదానంగా చదవండి. ఎక్కువగా విండోస్ 10, 11 గురించే చెప్తా, మన ఇళ్ళల్లో ఉండేది అదే కాబట్టి.

ముందు ఒక్క ప్రశ్న

లోపల ఉండేది మీకు కావాల్నా, లేక డిస్కు పనిచేస్తే చాలునా? ఈ రెండూ వేరు వేరు దార్లు. లోపల ఏమీ లేదు, ఉన్నా అక్కర్లేదు అంటే మీకు భయమే లేదు, ఫార్మాట్ కొట్టి చూసుకోండి, పోతే డిస్కు పోతాది. కానీ లోపల ఉండేది కావాలంటే మాత్రం ఒకటి గట్టిగా పట్టుకోండి: డేటా వేరే డిస్కులోకి వచ్చేదాకా ఈ డిస్కు మీద ఏదీ *రాయకూడదు*. ఫార్మాట్, ఇనిషియలైజ్, న్యూ సింపుల్ వాల్యూమ్, రిపేర్, చెక్ డిస్క్, ఇవన్నీ డిస్కు మీద రాసే పనులే. విండోస్ వాటినే ముందుకు తోసి చూపిస్తాది, మంచి సలహా ఇచ్చినట్టు. దానికి మీ అక్క పెళ్ళి గురించి ఏం తెలుసు.

ఇంకోటి, "కంప్యూటర్‌కి కనపడలేదు" అంటారు గానీ కనపడటం అనేది ఒక్క ముక్క కాదు, మెట్లు మెట్లుగా ఉంటాది. ముందు డిస్కుకి కరెంటు అందాల, తర్వాత దాని డబ్బాలో ఉండే యూఎస్‌బీ బోర్డు కంప్యూటర్‌తో మాట్లాడాల, ఆ బోర్డు వెనక ఉండే అసలు డిస్కు జవాబు చెప్పాల, ఆ డిస్కులో పార్టిషన్ పట్టిక, అంటే డిస్కుని భాగాలుగా పంచిన లెక్క, కనపడాల, ఆ పార్టిషన్‌లో ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ యాడుందో రాసుకునే పద్ధతి, అర్థం కావాల, చివరికి దానికి ఒక అక్షరం తగలాల, ఈ, ఎఫ్, జీ అని. ఈ ఆరింట్లో ఎక్కడ తెగిందో పట్టుకోడమే మన పని. కింది మెట్టు విరిగిపోయుంటే పైమెట్టుకి సిమెంటు పూసి లాభం లేదు, పెదనాన్న విషయంలో జరిగింది అదే, కరెంటు తావ తేడా ఉంటే స్క్రీన్ మీద ఫార్మాట్ అని వచ్చింది.

చెవి పెట్టి వినండి

డిస్కుని అరచేతిలో కదలకుండా పెట్టుకుని కేబులు తగిలించండి. మామూలుగా అయితే లైటు వెలగతాది, లోపల సన్నగా జుయ్ మని తిరగడం మొదలవతాది, చేతికి చిన్న అదురు తెలస్తాది. ఇది తిరిగే డిస్కుల సంగతి, ఎస్ఎస్‌డీ అయితే లోపల తిరిగేది ఏదీ లేదు, అంతా చిప్పులే, శబ్దమే ఉండదు.

లైటూ లేదు, అదురూ లేదు అంటే కరెంటు అందలేదు, లేదంటే బోర్డు పోయింది. లైటు ఉంది, బాగానే తిరగతా ఉంది, స్క్రీన్ మీదే ఏమీ లేదంటే సంతోషపడండి, ఎక్కువ కేసుల్లో డేటా భద్రంగానే ఉంటాది. కుయ్ కుయ్ అని సన్నగా బీప్ కొడతా ఉంటే మోటారు తిరగాలని చూసి తిరగలేక పోతా ఉందని, కరెంటు చాలక కావచ్చు, కిందపడి లోపల డేటా చదివే హెడ్, డేటా ఉండే గుండ్రటి పళ్ళేనికి అతుక్కుపోయి కావచ్చు. ఇంక టిక్... టిక్... టిక్ అని గడియారం మాదిరి కొట్టి కాసేపటికి ఆగిపోతే మాత్రం హెడ్ దెబ్బతిన్నట్టు లెక్క. ఒకసారి కేబులు మార్చి చూడండి, అప్పుడూ అదే శబ్దం వస్తే పీకి పక్కన పెట్టేయండి. మళ్ళా మళ్ళా పెట్టి చూడొద్దు. హెడ్‌కీ పళ్ళేనికీ మధ్య ఉండే సందు మన తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు, దెబ్బతిన్న హెడ్ తిరిగిన ప్రతిసారీ పళ్ళేన్ని గీక్కుంటా పోతాది, ఆ గీకిన చోట ఉండేది ఇంక ఏ దేవుడూ తెచ్చివ్వలేడు. ఆ శబ్దం వచ్చేవాళ్ళు మిగతాదంతా వదిలేసి ఆఖరి భాగానికి పోండి.

కేబులు, పోర్టు, కరెంటు

నా అనుభవంలో సగానికి సగం ఇక్కడే తేలిపోతాయి, కాబట్టి దీన్ని చిన్నచూపు చూడొద్దు.

పోర్టబుల్ డిస్కులకి వచ్చే ఆ వెడల్పాటి కేబులు మూతి చూడండి, పక్కపక్కన రెండు ముక్కలుగా ఉంటాది. అది నిండా సుకుమారం. బ్యాగులో డిస్కుకి తగిలించే పెట్టుకుని తిరగతారు చూడండి, అట్లా ఒత్తుకుని ఒత్తుకుని వదులైపోతాది, బయటికి బాగానే కనపడతాది, లోపల పిన్ను తగలదు. పెట్టినాక వేలితో రవ్వంత కదిపితే లైటు మినుకు మినుకు మంటే దోషి అదే. ఇంకో తమాషా ఏందంటే ఆ మూతిలో వేగానికి సంబంధించిన పిన్నులు తగలకపోతే డిస్కు పనిచేస్తాది గానీ యూఎస్‌బీ 2 వేగంతో పోతాది, 1 టీబీ కాపీ చేయడానికి 8 గంటలు పైనే పడతాది, బాగుంటే 3 గంటల్లో అయ్యే పని. అందుకే "ఈ మధ్య స్లో అయిందన్నా" అనేవాళ్ళకి కూడా ముందు కేబులే మార్చమంటా. టైప్ సీ అయితే ఇంకో చిక్కు, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు ఉంటాయి, వాటిల్లో డేటా పోదు, ఫోన్ ఎక్కుతాది కదా అని డిస్కుకి పెడితే లైటు వెలిగి గమ్మునుంటాది.

కరెంటు సంగతి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపులు, లోపల నీలం రంగు ఉండే యూఎస్‌బీ 3 పోర్టు ఇచ్చేది 900. డిస్కు తిరగడం మొదలుపెట్టే మొదటి రెండు మూడు సెకండ్లు దానికి ఎక్కువ కావాల, బండి కిక్కు కొట్టేటప్పుడు మాదిరి. సీపీయూ ముందుపక్క పోర్టులు లోపల ఒక సన్న వైరుతో మదర్‌బోర్డుకి పోతాయి, వెనకపక్కవి నేరుగా బోర్డు మీదే ఉంటాయి. అందుకే వెనకపక్క పెట్టండి. నాలుగు పోర్టుల హబ్బులు, ఎక్స్‌టెన్షన్ కేబుళ్ళు ఏవైనా ఉంటే తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, అవతలిపక్క పోర్టులో చూడండి. ఫోన్‌కి ఓటీజీతో పెట్టి టెస్ట్ చేస్తా అంటారు కొందరు, చాలా ఫోన్లు తిరిగే డిస్కుకి సరిపడా కరెంటు ఇవ్వవు, దాన్నిబట్టి డిస్కు పోయిందని అనుకోవద్దు.

పెద్దసైజు డిస్కులు, టేబుల్ మీద నిలబెట్టేవి, వాటికి గోడకి పెట్టే అడాప్టర్ వేరే ఉంటాది. ఇక్కడ ఒక ప్రమాదం. వైఫై బాక్సుది, సెట్ టాప్ బాక్సుది, దీనిది, అన్నిటి పిన్నూ ఒకే మాదిరి ఉంటాది, ఏది దేంట్లోనైనా దూరతాది. డిస్కుకి 12 వోల్టులు, ఒకటిన్నర రెండు ఆంపులు కావాల. వైఫై బాక్సు అడాప్టర్ చాలావరకు అంత ఆంపులు ఇవ్వదు, మోటారు లేచి పడిపోతా ఉంటాది, జనం డిస్కు చచ్చిందనుకుంటారు. దానికి తిరగబెట్టి, 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ దూర్చినారంటే బోర్డు నిజంగానే కాలిపోతాది. అడాప్టర్ మీద సన్నక్షరాల్లో రాసి ఉంటాది, కళ్ళద్దాలు పెట్టుకునైనా చదివి పెట్టండి.

ఇవన్నీ అయినా రాలేదంటే పక్కింటోళ్ళ ల్యాప్‌టాప్‌లో ఒకసారి పెట్టి చూడండి. అక్కడ వస్తే మీ డిస్కు మంచిదే, మీ కంప్యూటర్‌దే తప్పు. వచ్చిన వెంటనే, ఆ ల్యాప్‌టాప్‌లోనే, ముఖ్యమైనవి కాపీ చేసేసుకోండి, మళ్ళా ఇంటికి తెచ్చి చూద్దాంలే అనుకోవద్దు.

మీ కంప్యూటర్‌దే తప్పనిపిస్తే రీస్టార్ట్ కొట్టండి, షట్‌డౌన్ కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనేది ఒకటి ఉంటాది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా పడుకోదు, ముందురోజు తిక్క తెల్లారి కూడా అట్లే ఉంటాది. రీస్టార్ట్ కొడితే కడుక్కుని లేస్తాది.

డివైస్ మేనేజర్

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డివైస్ మేనేజర్ కనపడతాది. తెరిచిపెట్టుకుని డిస్కు పీకి మళ్ళా పెట్టండి. పెట్టినప్పుడు ఆ లిస్టు ఒకసారి మినుక్కుమంటే కంప్యూటర్‌కి ఏదో వచ్చిందని తెలిసినట్టే. డిస్క్ డ్రైవ్స్ కింద మీ డిస్కు పేరు కనపడితే మంచిది, తర్వాతి భాగానికి పోండి. యూఎస్‌బీ కంట్రోలర్ల కింద అన్‌నోన్ డివైస్ అనో, పక్కన పసుపు గుర్తో ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి, డిస్కు పీకి, రీస్టార్ట్ చేసి మళ్ళా పెట్టండి. అన్‌ఇన్‌స్టాల్ అంటే లోపలి ఫైళ్ళు పోతాయేమోనని భయపడతారు, పోవు, అది కంప్యూటర్‌లో ఉండే డ్రైవర్ సంగతే, డిస్కుతో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్. కోడ్ 43 అని మళ్ళా మళ్ళా వస్తా ఉంటే, ఇంకో కంప్యూటర్‌లో కూడా అదే వస్తే, కేబులో డిస్కు బోర్డో, ఆ రెండింట్లో ఒకటి.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కు బాగానే వస్తాది, పది నిమిషాలకి దానంతట అదే మాయమైపోతాది. అది కరెంటు పొదుపు పని. అదే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్, అక్కడ కరెంటు ఆదా చేయడానికి దీన్ని ఆపొచ్చు అనే టిక్కు తీసేయండి. రూట్ హబ్‌లు రెండు మూడు ఉంటే అన్నిటికీ తీసేయండి.

అసలు కథంతా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉంటాది

మళ్ళా స్టార్ట్ మీద రైట్ క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్. దిస్ పీసీలో కనపడనివి కూడా ఇక్కడ కనపడతాయి. కిందిభాగంలో డిస్క్ 0, డిస్క్ 1 అని వరసలు ఉంటాయి. 0 అనేది మామూలుగా మీ కంప్యూటర్ సొంత డిస్కు, దాని జోలికి పోవద్దు. సైజు చూసి మీది ఏదో గుర్తుపట్టండి. 1 టీబీ డిస్కు ఇక్కడ 931 జీబీ అని చూపిస్తాది, 69 జీబీ అంగడోడు కొట్టేసినాడని అనుకోవద్దు, కంపెనీవాళ్ళు వెయ్యి లెక్కన ఎంచతారు, విండోస్ 1024 లెక్కన ఎంచతాది, అదే తేడా.

నిదానం ఇక్కడే కావాల. ఏం కనపడతా ఉందో దాన్నిబట్టి దారి మారతాది.

నీలం గీత ఉండి, హెల్దీ అని రాసుండి, పక్కన అక్షరం మాత్రం లేదంటే అదృష్టవంతులు. ఆ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్, యాడ్, ఒక అక్షరం ఎంచుకుని ఓకే. ఈ, ఎఫ్ లాంటివి వద్దు, ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్‌లూ పెన్ డ్రైవ్‌లూ అవి వాడేసుకుంటా ఉంటాయి, అందుకే గొడవ వచ్చేది. పీ, టీ అట్లా దూరంగా ఉండేది ఇవ్వండి. దీనివల్ల లోపల ఉండేదానికి ఏమీ కాదు.

ఆఫ్‌లైన్ అని ఉంటే ఎడమపక్క డిస్క్ 1 అని రాసుండే బూడిదరంగు పెట్టె మీద రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ కొట్టండి, అంతే.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే ఒక పెట్టె లేచి, ఈ డిస్కుని ఇనిషియలైజ్ చెయ్యాల, ఎంబీఆర్‌నా జీపీటీనా (పార్టిషన్ పట్టిక రాసే రెండు పద్ధతులు) అని అడిగితే, కొత్త డిస్కు అయితే జీపీటీ పెట్టి ఓకే కొట్టండి. డేటా ఉన్న డిస్కు అయితే క్యాన్సిల్. ఈ పెట్టె తోనే నేనొకసారి మునిగినా. మా చిన్నాన్న కూతురి పెళ్ళి, తిరుచానూరులో జరిగింది, స్టూడియో వాళ్ళు ఎడిటింగ్ ముందరి వీడియో అంతా నా డిస్కులో వేసిచ్చినారు. రాత్రి పదకొండుకి కునికిపాట్లు పడతా పెట్టినా, పెట్టె లేచింది, చదవకుండా ఓకే కొట్టేసినా. గీత నల్లగా మారిపోయింది, అన్‌అలొకేటెడ్ అని. కొండకి నడిచి వస్తా సామీ అని మొక్కుకున్నా అప్పటికప్పుడు. అదృష్టం ఏందంటే ఇనిషియలైజ్ అనేది డిస్కు మొదట్లో ఉండే పట్టికనే మారుస్తాది, వీడియోలని తుడవదు, పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేసినట్టు, పాఠాలు అట్లే ఉంటాయి. టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెల్లారేలోపల అంతా తిరిగొచ్చింది. అయినా మొక్కు మొక్కే కదా, అలిపిరి 3550 మెట్లూ ఎక్కినా, మోకాళ్ళు పట్టుకుని రెండ్రోజులు పడుకున్నా.

నల్లగీత, అన్‌అలొకేటెడ్ అని మీకూ కనపడితే న్యూ సింపుల్ వాల్యూమ్ కొట్టొద్దు. టెస్ట్‌డిస్క్ ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, కంప్యూటర్ సొంత డిస్కులో ఒక ఫోల్డర్‌లో విప్పి అడ్మిన్‌గా నడపండి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూసి జడుసుకోవద్దు, మౌస్ పనిచేయదు, బాణం కీలూ ఎంటరూ చాలు. క్రియేట్ కొట్టి, సైజు చూసి మీ డిస్కు ఎంచుకోండి, పార్టిషన్ రకం అదే ఊహించి చూపిస్తాది, ఎంటర్. అనలైజ్, ఆ తర్వాత క్విక్ సెర్చ్. పాత పార్టిషన్ కనపడితే దాని మీద నిలబడి పీ నొక్కండి, ఫైళ్ళ పేర్లు వస్తాయి. మీ ఫోల్డర్ల పేర్లు కళ్ళారా కనపడితే ఎ నొక్కి అన్నీ ఎంచుకుని, పెద్ద సి, అంటే షిఫ్ట్ పట్టుకుని సి, నొక్కి వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. రైట్ అనే బటన్, రాయడం అనే అర్థంలో, పట్టికని తిరిగి రాస్తాది, కాపీ అంతా అయినాకే దాన్ని ముట్టుకోవాల.

ఇంకో రకం, డిస్కు పేరు ఉంటాది గానీ సైజు సున్నా, లేదంటే నో మీడియా అని. అంటే యూఎస్‌బీ బోర్డు మాట్లాడతా ఉంది, వెనక ఉండే డిస్కు పలకతా లేదు. డిస్క్ మేనేజ్‌మెంటే తెరుచుకోకుండా గిరగిరా తిరగతా నిలబడిపోయి, ఈ డిస్కు పీకగానే టక్కున తెరుచుకుంటే కూడా డిస్కు ఆరోగ్యం బాగలేదనే గుర్తు. ఈ రెండింటికీ ఇంట్లో మందు లేదు.

అన్నట్టు, ఆన్‌లైన్‌లో 16 టీబీ డిస్కు రెండు వేలకే అని కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, అది కనపడకపోవడం మీ తప్పు కాదు. అట్లాంటివాటి లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పెద్దసైజు అని అబద్ధం చెప్పిస్తారు, నిండేదాకా బాగుంటాది, ఆ తర్వాత పాత ఫైళ్ళ మీదే కొత్తవి రాసుకుంటా పోతాది. డబ్బులు వెనక్కి అడగండి, దాని మీద సాయంత్రాలు వృథా చేయొద్దు.

రా (RAW) అని చూపిస్తే, ఫార్మాట్ అడిగితే

అక్షరం ఉంటాది, సైజు ఉంటాది, కానీ ఫైల్ సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎఫ్ఎస్ అని ఉండాల్సిన చోట రా అని ఉంటాది, తెరవబోతే వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాల అంటాది. క్యాన్సిల్ కొట్టి, ముందు కేబులు భాగం మళ్ళా ఒకసారి చేయండి, పెదనాన్న కథ గుర్తుంది కదా. కేబులు మంచిదే అని తేలినాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరవండి. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే లెక్కలు చూపిస్తాది ఇది. గుడ్ అని నీలంలో ఉంటే సరే. కాషన్ అని పసుపులో ఉంటే 05, సీ5, సీ6 అనే వరసలు చూడండి. 05 అంటే పాడైపోయిన చోట్లకి బదులు వేరే చోట్లు వాడుకున్న లెక్క, సీ5 అంటే చదవడానికి మొరాయించతా ఉండే చోట్లు, సీ6 అంటే ఇంక చదవలేనని చేతులెత్తేసినవి. సీ5 ఒకటో రెండో ఉండి అట్లే నిలబడి ఉంటే కాపీ చేసుకోడానికి టైము ఉంటాది. పొద్దున ఒక అంకె, సాయంత్రం దానికి పెద్ద అంకె అంటే పరుగెత్తాల్సిందే.

ఆరోగ్యం బాగుండి రా అని చూపిస్తే పైన చెప్పిన టెస్ట్‌డిస్క్ దారే. దాంట్లో కూడా ఫైళ్ళు కనపడకపోతే దానితోపాటే వచ్చే ఫొటోరెక్ ఉంది. అది ఫైల్ సిస్టమ్‌ని పట్టించుకోదు, డిస్కు మొత్తం జల్లెడ పట్టి ఇది ఫొటో, ఇది వీడియో, ఇది పీడీఎఫ్ అని ఏరి పెడతాది. పేర్లూ ఫోల్డర్లూ రావు, వేల ఫైళ్ళు నంబర్లతో కుప్పగా పడతాయి. మా ఫ్రెండ్ ఒకడు వాళ్ళ నాన్న ఫొటో ఒక్కటి కోసం అట్లాంటి కుప్పలో మూడు రాత్రులు వెతికినాడు, దొరికింది. ఏరింది పెట్టుకోడానికి వేరే డిస్కు ఉండాల, అదే డిస్కులో పెట్టుకుంటే ఏరాల్సినవాటి మీదే ఇసుక పోసినట్టు.

ఆరోగ్యం బాగలేదంటే టెస్ట్‌డిస్క్ కూడా నేరుగా దాని మీద నడపొద్దు, ఎందుకంటే వెతికే కొద్దీ అది ఇంకా అలిసిపోతాది. ముందు మొత్తం డిస్కుకి నకలు తీయాల. దీనికి ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్ డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయకుండా నడిపి, దాంట్లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడతారు. దాని గొప్పతనం ఏందంటే మొరాయించే చోటుని పట్టుకుని కూర్చోదు, దాటేసి బాగుండే చోట్లన్నీ ముందు ఎత్తుకుంటాది, తర్వాత వెనక్కి వచ్చి మిగిలినవాటికి ప్రయత్నిస్తాది, కమాండ్‌లో ఒక ఫైల్ పేరు కూడా ఇస్తే ఎక్కడిదాకా అయిందో దాంట్లో రాసుకుంటాది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్ళా అక్కడ్నుంచే. కమాండ్‌లో ముందు పాత డిస్కు, తర్వాత కొత్త డిస్కు. ఈ వరస తిరగబడితే ఖాళీ డిస్కుని తీసుకొచ్చి మీ డేటా మీద పోసినట్టు అవతాది, అందుకే ఎంటర్ కొట్టేముందు ఇంట్లో ఇంకొకరిని పిలిచి చదివించండి. లినక్స్ అలవాటు లేనివాళ్ళు తెలిసిన ఇంజనీరింగ్ పిలకాయలని ఎవర్నైనా పట్టుకోండి, మన ఊళ్ళో వాళ్ళకి కొదవ లేదు.

చెక్ డిస్క్ ఎప్పుడు

ప్రతివాళ్ళూ మొదట చెప్పేది ఇదే, నేను ఆఖర్న చెప్తా ఉండా. డిస్కు కనపడతా ఉంది, ఫోల్డర్లు కొన్ని తెరుచుకుంటా కొన్ని తెరుచుకోకుండా ఉన్నాయి, ముఖ్యమైనవి కాపీ అయిపోయినాయి, ఆరోగ్యం గుడ్ అని ఉంది, అప్పుడు చెయ్యొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి, సీహెచ్‌కేడీఎస్‌కే అని ఇంగ్లీషులో కొట్టి, స్పేస్, డ్రైవ్ అక్షరం, కోలన్, మళ్ళా స్పేస్, స్లాష్ ఎఫ్, ఎంటర్. రా డిస్కు మీద ఇది పనిచేయదు, కొట్టినా చెయ్యలేనని చెప్తాది. స్లాష్ ఆర్ అని ఇంకోటి ఉంది, డిస్కు మొత్తం ప్రతి చోటూ చదివి చూస్తాది, పెద్ద డిస్కుకి రాత్రంతా పట్టొచ్చు, జబ్బు డిస్కు మీద దాన్ని నడపడం అంటే ఆయాసపడే మనిషిని కొండ ఎక్కించినట్టే. చెక్ డిస్క్ అయినాక కొన్ని ఫైళ్ళు కనపడకపోతే దాచిపెట్టిన ఫోల్డర్లు కనపడేటట్టు చేసి, ఫౌండ్ అనే పేరుతో ఏమైనా ఉందా చూడండి, ముక్కలుగా దొరికినవి అక్కడ పెట్టుంటాది.

డిస్కు మంచిదే, భాష వేరే

కొన్నిసార్లు ఏ జబ్బూ ఉండదు. మ్యాక్ సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కుని విండోస్ చదవలేదు, ఫార్మాట్ చెయ్యమంటాది. ఫొటోగ్రాఫర్ల దగ్గర్నుంచి వచ్చే డిస్కుల్లో ఇది ఎక్కువ, ముందు "మీది మ్యాకా?" అని అడగండి. రెండింటికీ కావాలంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఇమ్మనండి. టీవీకి గానీ సెట్ టాప్ బాక్స్‌కి గానీ రికార్డింగ్ కోసం పెట్టినప్పుడు అది దాని సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసేస్తాది, టీవీ తెర మీద అడిగినప్పుడు ఎవరో సరే కొట్టేసుంటారు, ఇంట్లో విచారించండి. విండోస్‌లో ఉండే బిట్‌లాకర్ తాళం వేసుకున్నవాళ్ళకి పాస్‌వర్డ్ గానీ 48 అంకెల రికవరీ కీ గానీ లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు, ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉందేమో చూసుకోండి.

అంగడికి తీసుకుపోవాల్సి వస్తే

టిక్ టిక్ శబ్దం, కిందపడిన డిస్కు, సైజు సున్నా, ఇవి బయటికి ఇవ్వాల్సినవే. మామూలు కంప్యూటర్ రిపేరు అంగడి వేరు, డేటా రికవరీ వేరు. ఇచ్చేముందు ఒకటి అడగండి, డిస్కు విప్పాల్సి వస్తే యాడ విప్పుతారు అని. దుమ్ము లేని గదిలో గానీ, వడగట్టిన గాలి వచ్చే హుడ్ కింద గానీ అని చెప్పాల. "ఇక్కడే విప్పి చూద్దాం సార్" అంటే గమ్మున తీసుకుని వచ్చేయండి. చూడ్డానికి ఎంత, డేటా రాకపోతే ఎంత, ముందే కాగితం మీద రాయించుకోండి. వారంటీ ఉందని కంపెనీకి పంపితే వాళ్ళు ఇచ్చేది వేరే డిస్కు, మీ డేటా కాదు.

ఫ్రీజర్‌లో పెట్టమనే సలహా ఇప్పటికీ తిరగతా ఉంది, వద్దు, బయటికి తీయగానే లోపల తేమ పడతాది. అదే మోడల్ డిస్కు ఇంకోటి కొని బోర్డు మార్చేస్తే సరిపోతాదనే కాలం కూడా పోయింది, ప్రతి డిస్కుకీ దాని సొంత లెక్కలు బోర్డు మీద చిన్న చిప్పులో ఉంటాయి, అది కూడా మార్చాల. డబ్బా విప్పి లోపలి డిస్కుని నేరుగా కంప్యూటర్‌కి తగిలిద్దామంటే, చిన్నసైజు డిస్కుల్లో చాలావాటికి యూఎస్‌బీ మూతి బోర్డు మీదే అతికించి ఉంటాది, వేరే మూతే ఉండదు. డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ లాంటి కొన్నిటిలో బోర్డే డేటాని తాళం వేసి రాస్తాది, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే, ఆ బోర్డు లేకుండా చదివితే అంతా గజిబిజి. కాబట్టి పాత బోర్డు, పాత డబ్బా పారేయకుండా అన్నీ కలిపి ఇవ్వండి.

చెన్నైకో బెంగళూరుకో తీసుకుపోతా ఉంటే బస్సులో లగేజీ డిక్కీలో వేయొద్దు, మెత్తటి టవల్‌లో చుట్టి ఒళ్ళో పెట్టుకోండి. దాంతోపాటు ఒక చీటీ: ఎప్పుడు ఆగిపోయింది, కిందపడిందా, ఏం శబ్దం వచ్చింది, ఆ తర్వాత మీరు ఏమేం నొక్కినారు, వరసగా. ఫార్మాట్ కొట్టుంటే కొట్టినానని రాయండి, సిగ్గుపడి దాచొద్దు, వాళ్ళు యాడ మొదలుపెట్టాలనేది ఆ ముక్క మీదే ఉంటాది. ఏ ఫోల్డర్లు ముందు కావాలో కూడా రాయండి. మా పెదనాన్నని అడిగితే దస్తావేజులు అన్నాడు, పెద్దమ్మ లోపల్నుంచి పెళ్ళి వీడియో అని అరిచింది.